విద్యుత్ పల్స్‌ను ఒంట్లోకి దించే లెన్స్: మూడు పొరలు, ఒక సెంటీమీటరు కొవ్వు

సూది గుచ్చకూడదు. చర్మానికి రెండు సెంటీమీటర్ల లోపల, చిటికెన వేలి గోరంత చోట మాత్రమే విద్యుత్ క్షేత్రం బలంగా పడాలి. చుట్టుపక్కల కణాలకు ఏమీ కాకూడదు. మా ల్యాబ్‌కి వచ్చిన బయోమెడికల్ బృందం అడిగింది ఇది. అడిగినంత తేలిక కాదని అప్పుడే తెలుసు. కాకపోతే నేను ఎక్కడ బెడిసికొడుతుందని భయపడ్డానో అక్కడ బెడిసికొట్టలేదు. నేను లెక్కలోకి తీసుకోని చోట కొట్టింది. అందుకే దీన్ని మొదటి నుంచి చివరిదాకా రాసిపెడుతున్నాను.

నేను హై వోల్టేజ్ పల్సర్లు (విద్యుత్ పల్సులు పుట్టించే యంత్రాలు), యాంటెన్నాలు చేసేవాణ్ణి. జీవశాస్త్రం వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. కణం చుట్టూ ఉండే పొర ఒక చిన్న కెపాసిటర్ లాంటిది. మైక్రోసెకన్ల పల్స్ ఇస్తే ఆ పొర పూర్తిగా ఛార్జ్ అయి, క్షేత్రాన్ని లోపలికి పోనివ్వదు. ఛార్జ్ అయ్యే వ్యవధి ఇవ్వకుండా నానోసెకన్లలో ముగించేస్తే క్షేత్రం కణం లోపలి భాగాల దాకా వెళ్తుంది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని నార్ఫోక్‌లో, ఓల్డ్ డొమినియన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ షోన్‌బాక్ బృందం ఈ దారిలో చాలా ఏళ్ళు పనిచేసింది. ఎలుకల చర్మం మీది మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) గడ్డలకు 300 నానోసెకన్ల పల్సులు, సెంటీమీటరుకు 20 కిలోవోల్టులు దాటిన క్షేత్రంతో ఇస్తే రెండు వారాల్లో 90 శాతం కుంచించుకుపోయాయని అక్కడి నుంచి 2006లో ప్రచురించారు.

అదంతా గడ్డకు ఎలక్ట్రోడ్లు తగిలించి చేసిన పని. బయట నిలబెట్టిన యాంటెన్నాతో అదే చేయాలంటే నానోసెకను కూడా మరీ పొడవు. ఒక్క నానోసెకన్లో కాంతి 30 సెం.మీ. పోతుంది. అంత పొడవున్న పల్స్‌ను గోరంత చోట కూర్చడం కుదరదు. 100 పికోసెకన్లకు, అంటే నానోసెకన్లో పదో వంతుకు దిగితే గాలిలో పొడవు 3 సెం.మీ. అవుతుంది. అదే పల్స్ నీటిలాంటి పదార్థంలోకి దిగితే వేగం తొమ్మిదో వంతుకు తగ్గి, 3.3 మి.మీ.లోకి ముడుచుకుంటుంది. బృందం అడిగిన గోరంత చోటు ఈ లెక్క నుంచి పుట్టిందే.

అద్దం సంగతి

ఈ ఆలోచన మాది కాదు. న్యూ మెక్సికో రాష్ట్రంలోని అల్బుకర్కీలో కార్ల్ బౌమ్ అనే ఆయన ఉండేవారు. అణు విస్ఫోటనం వల్ల పుట్టే విద్యుదయస్కాంత పల్స్‌ను నేల మీద అనుకరించే యంత్రాలకు అమెరికా వైమానిక దళం ల్యాబ్‌లో దశాబ్దాలు పనిచేసి, తర్వాత న్యూ మెక్సికో విశ్వవిద్యాలయానికి వచ్చారు. 2010లో పోయారు. పల్స్‌ను దూరానికి విసిరే పారాబోలా అద్దం బదులు, దీర్ఘవృత్తాన్ని తిప్పితే వచ్చే ఆకారపు అద్దం పెడితే పల్స్‌ను దగ్గరలోనే ఒక చుక్కకు తేవచ్చని ఆయన చెప్పారు. దీర్ఘవృత్తానికి రెండు నాభులు. ఒక నాభి దగ్గర పల్స్ వదిలితే, అద్దానికి తగిలి రెండో నాభికి చేరుతుంది. ఏ దారిన వెళ్ళినా మొత్తం దూరం ఒకటే.

కిడ్నీలో రాళ్ళను షాక్ వేవ్‌తో పగలగొట్టే యంత్రం కూడా ఇదే సూత్రం. 1980లో మ్యూనిక్‌లో మొదటి రోగికి ఆ చికిత్స చేశారు. తొలి యంత్రాల్లో రోగిని నీళ్ళ తొట్టిలో ఉంచేవారు. ఎందుకంటే ధ్వనికి నీళ్ళూ ఒళ్ళూ దాదాపు ఒకటే, ఒకదానిలోంచి ఒకదానిలోకి ఏ అడ్డూ లేకుండా పోతుంది. మాకూ ఆ తొట్టి ఆశ కలిగింది. అద్దం మొత్తాన్ని నీళ్ళలో ముంచేస్తే గోలే ఉండదు కదా! కానీ 100 పికోసెకన్ల పల్స్‌లో మూడు గిగాహెర్ట్జ్ దాకా సరుకు ఉంటుంది. గది వేడిమిలో స్వచ్ఛమైన నీరు ఒక గిగాహెర్ట్జ్ దగ్గర 20 సెం.మీ. దాకా ఓర్చుకుంటుంది గానీ, మూడు గిగాహెర్ట్జ్ దగ్గర రెండు సెంటీమీటర్లు దాటగానే క్షేత్రాన్ని మూడో వంతుకు దగ్గరగా తగ్గించేస్తుంది. మీటరు వెడల్పు అద్దాన్ని ముంచితే పల్స్ దారిలోనే చచ్చిపోతుంది. ధ్వని వాళ్ళ అదృష్టం మనకు లేదు.

బౌమ్ తన లెక్కల్లో వాడిన కొలతలే మేమూ తీసుకున్నాం. నాభులు మధ్య నుంచి 37.5 సెం.మీ., అద్దం అంచు వ్యాసార్థం 50 సెం.మీ., దీర్ఘాక్షంలో సగం 62.5 సెం.మీ. ఈ మూడింటినీ 12.5తో భాగించి చూడండి: 3, 4, 5. పునాది ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీలు తాడుతో మూల చూసే లెక్కే. మా వర్క్‌షాప్ పెద్దాయన డ్రాయింగ్ చూసి మొదట అన్న మాట కూడా అదే, "సార్, ఇది మూల లెక్క కదా!"

పల్స్ అద్దం దారిలో 125 సెం.మీ. పోతుంది, నేరుగా పోయేది 75. అంటే నేరుగా జారిపోయిన బలహీనమైన ముందస్తు పల్స్, అసలు పల్స్ కంటే సుమారు 1.67 నానోసెకన్లు ముందే వచ్చేస్తుంది. ఆసిలోస్కోప్ తెర మీద మొదటిసారి చూసినవాళ్ళు దాన్నే అసలుదని పొరబడతారు. నేనూ పడ్డాను, ఒక పూట.

ఒక్క కిరణాన్నీ వంచని లెన్స్

భూతద్దంతో ఎండను చుక్కకు తెచ్చి కాగితం కాల్చని పిల్లాడు ఉండడు. అందుకే లెన్స్ అనగానే కిరణాలను వంచేదని మనసులో పడిపోతుంది. మేం రెండో నాభి ముందు పెట్టే ఈ లెన్స్ ఒక్క కిరణాన్ని కూడా వంచదు. అద్దం ముందే అన్నిటినీ నాభి వైపు తిప్పేసింది. లెన్స్ ఆ నాభినే కేంద్రంగా పెట్టుకున్న గోళపు పొరలతో ఉంటుంది కాబట్టి, ప్రతి కిరణమూ ప్రతి పొరనూ నిట్టనిలువుగానే తాకుతుంది. వంగే అవసరమే లేదు.

మరి దాని పనేంటి? రెండు. ఒకటి, అన్ని దిక్కుల నుంచి వచ్చేవాటి వేళ చెడకుండా చూడడం. తేరు లాగేటప్పుడు "ఐలెస్సా" అనగానే అందరి లాగుడూ ఒకేసారి పడాలి. ఒకరు అర క్షణం ముందు, ఒకరు వెనక అయితే ఎంతమంది ఉన్నా తేరు కదలదు. పల్స్ ఫోకస్ అంటే వేళ కుదరడమే, ఇంకేం కాదు. రెండోది, ఇదే అసలు పని: గాలిలోంచి ఒంట్లోకి దిగే మెట్టును తేలిక చేయడం.

పర్మిటివిటీ అంటే పదార్థం విద్యుత్ క్షేత్రానికి ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె; దాని వర్గమూలం ఎంతో, పల్స్ వేగం అన్నో వంతుకు తగ్గుతుంది. గాలి పర్మిటివిటీ 1, నీటిది సుమారు 80. లెక్క తేలికగా ఉండడానికి 81 అనుకుందాం. గాలిలోంచి నేరుగా నీటిలోకి పల్స్ దిగితే క్షేత్రంలో అయిదో వంతు, అంటే 0.2 మాత్రమే లోపలికి పోతుంది. ఎత్తైన అరుగు ఎక్కలేకపోతే మెట్లు కడతాం. ఇక్కడా అంతే. మధ్యలో పర్మిటివిటీ 9 ఉన్న ఒక పొర పెడితే సగంలో సగం, 0.25 లోపలికి వెళ్తుంది. రెండు పొరలైతే 0.27. మూడు పొరలు 3, 9, 27 చొప్పున పెడితే 0.29. ఎన్ని పొరలు పెట్టినా, చివరికి మెట్లు పోయి నున్నటి వాలు అయినా, 81 నాలుగో మూలానికి తలకిందులైన 0.33 దాటదు. మొదటి మెట్టుకు వచ్చిన లాభం నాలుగో మెట్టుకు రాదు. ప్రతి పొరా ఒక పోత, ఒక అతుకు, ఒక తలనొప్పి. అందుకే మూడు దగ్గర ఆగాం.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది: లోపలికి మూడో వంతు కూడా పోనప్పుడు లెన్స్ వల్ల లాభమేంటి? పోయింది మూడో వంతే అయినా, అది తొమ్మిది రెట్లు చిన్న చోటుకు ముడుచుకుంటుంది. చుక్క దగ్గర క్షేత్రం ఆ మేరకు పెరుగుతుంది. 0.29ని తొమ్మిదితో గుణిస్తే 2.6. అంటే గాలిలో అదే నాభి దగ్గర ఉండే క్షేత్రం కంటే నీటిలోపల 2.6 రెట్లు. నున్నటి వాలుకైతే 3 రెట్లు. రెండో నాభి ముందు లెన్స్ పెట్టమని 2006లో బౌమ్ రాసినప్పుడు చెప్పిన కిటుకు ఇదే.

పోత పోయడం

కాగితం మీద 3, 9, 27 ముచ్చటగా ఉంటాయి. దుకాణంలో దొరకవు.

3 కష్టం కాదు. మామూలు ఎపాక్సీ రెజిన్ పర్మిటివిటీ దాదాపు అంతే. అచ్చులో పోసి, లేత్ మీద తిప్పి గోళం చేశాం. 9 కోసం రూటైల్ రకం టైటానియా పొడిని ఘనపరిమాణంలో మూడో వంతుకు కాస్త తక్కువ కలపాలి. 27కి టైటానియా సరిపోదు. అంత పర్మిటివిటీ రావాలంటే పోయడానికి వీల్లేనంత పొడి పట్టించాలి. బేరియం టైటనేట్ అయితే కొద్ది పొడితోనే వస్తుంది, చవక కూడా. కానీ గిగాహెర్ట్జ్ దగ్గర అది శక్తిని మింగేస్తుంది. స్ట్రాన్షియం టైటనేట్ తీసుకుని దాదాపు సగం పట్టించాం. ఈ మధ్యలో ఇథనాల్ నింపిన పొర పెడదామని ఒక కుర్రాడు అన్నాడు. దాని పర్మిటివిటీ 24 దాకా ఉంది కదా అని. ఆ 24 నిలకడ క్షేత్రానికి. గిగాహెర్ట్జ్ దాటగానే అది పడిపోతుంది, నష్టం చూస్తే కళ్ళు తిరుగుతాయి. పట్టికలో అంకె చూసి సంబరపడేముందు అది ఏ ఫ్రీక్వెన్సీ దగ్గరిదో చూడాలి.

9 పొర మొదటి పోత ఆరాక ముక్కలు కోసి కొలిచాం. అడుగు ముక్క 11 చూపించింది, పై ముక్క 7. టైటానియా ఎపాక్సీ కంటే మూడున్నర రెట్లు బరువు. రెజిన్ గట్టిపడేలోపు పొడి మెల్లగా అడుగుకు దిగిపోయింది. లెన్స్ ఒక పక్క ఒకలా, ఇంకో పక్క ఇంకోలా ఉంటే ఆ పక్క నుంచి వచ్చే పల్స్ ఆలస్యమవుతుంది, ఐలెస్సా చెడుతుంది. గట్టిపడే రసాయనం ఎక్కువ వేసి తొందరగా ఆరేలా చేద్దామంటే వేడికి పోత పగిలింది. మా పెద్దాయన వచ్చి ముక్కను గోటితో గీకి చూశారు.

"మిల్లర్ ఆపితే కంకర అడుగుకు పోదా సార్? తిప్పుతూనే ఉండాలి."

"ఎంతసేపు బాబాయ్?"

"అది బిగిసేదాకా. మనం నిద్రపోయినా అది తిరగాలి."

పాత గ్రైండర్ మోటారుకు పుల్లీలు బిగించి, అచ్చును నిమిషానికి కొద్ది చుట్లు మాత్రమే తిరిగేలా చేసి, రాత్రంతా వదిలేశారు. పొద్దున కొలిస్తే పైకీ కిందకీ తేడా పది శాతం లోపే ఉంది. నా జీతంలో సగం ఆయనకు ఇవ్వాల్సిందే అనిపించింది.

27 పొరది వేరే రోగం. అది పోసే ద్రవం కాదు, గోడకు పూసే పుట్టీలా ఉంటుంది. అడుగుకు దిగదు గానీ గాలిని పట్టుకుని వదలదు. మొదటి పోత 20 కూడా దాటలేదు. గాలి బుడగ చిన్నదే అయినా దాని పర్మిటివిటీ 1. ఎక్కువ పర్మిటివిటీ పదార్థంలో కొద్ది గాలి చేసే నష్టం, తక్కువ పదార్థంలో చేసే నష్టం కంటే చాలా ఎక్కువ. వాక్యూమ్‌లో పెట్టి, కింద వణికించి, మూడో ప్రయత్నానికి 26 తెచ్చాం. అక్కడితో దణ్ణం పెట్టేశాం.

నాభి చర్మానికి 2 సెం.మీ. లోపల పడాలి కాబట్టి లెన్స్‌ను నాభికి 2 సెం.మీ. ముందే చదునుగా కోసేశాం. 27 పొర లోపలి వ్యాసార్థం 3.5 సెం.మీ. అక్కడి నుంచి చదును ముఖం దాకా ఉన్న ఖాళీలో డిస్టిల్డ్ వాటర్, ముఖానికి సన్నటి ప్లాస్టిక్ రేకు. ఆ రేకు చర్మానికి ఆనుతుంది. నీళ్ళను 37 డిగ్రీలకు వెచ్చబెట్టాం. రోగికి హాయి అని కాదు. వేడెక్కిన కొద్దీ ఈ ఫ్రీక్వెన్సీల దగ్గర నీరు మింగేది తగ్గుతుంది.

వెనకాలే వచ్చిన నీడలు

మొదటి లెన్స్‌లో ప్రతి పొరకూ పల్స్ దాటే సమయం ఒకేలా, 100 పికోసెకన్లు ఉండేటట్టు మందం పెట్టాను. 3 పొర 17 మి.మీ., 9 పొర 10 మి.మీ., 27 పొర 6 మి.మీ.కు కాస్త తక్కువ. చూడ్డానికి పద్ధతిగా ఉంటుందని. యాంటెన్నాల్లో క్వార్టర్ వేవ్ పొరలు (తరంగ పొడవులో పావు వంతు మందమున్నవి) అలాగే చేస్తాం, ఆ అలవాటు చేతికి ఉంది.

ఫాంటమ్‌గా, అంటే ఒంటికి బదులు నమూనాగా నీళ్ళ తొట్టి పెట్టి, సన్నటి కోయాక్స్ కేబుల్ కొసను మిల్లీమీటరు మేర వొలిచి ప్రోబ్‌గా దించాం. కేబుల్ క్షేత్రం దిశలో ఉంటే కేబులే యాంటెన్నా అయిపోయి అందమైన అబద్ధాలు చూపిస్తుంది. దాన్ని క్షేత్రానికి అడ్డంగానే దించాలి. పల్స్ వచ్చింది, శిఖరం బాగుంది. శిఖరం తర్వాత 200 పికోసెకన్లకు ఒక గుంట, శిఖరంలో అయిదో వంతు లోతున, తలకిందులుగా.

పల్సర్‌ను అనుమానించాం. కేబుల్ మార్చాం. ప్రోబ్ మార్చాం. గుంట కదల్లేదు. చివరికి కాగితం మీదే దొరికింది. ఒక పొరలో పల్స్ ముందు గోడకు తగిలి వెనక్కి, వెనక గోడకు తగిలి మళ్ళీ ముందుకు వస్తుంది. ఆ రెండు పరావర్తనాల్లో ఒకటి గుర్తు మార్చేది, ఒకటి మార్చనిది. కాబట్టి ప్రతి పొరా అసలు పల్స్ వెనకాల ఏడు శాతం బలమున్న తలకిందుల నీడను పంపుతుంది. ఏడు శాతమే కదా అనుకోవచ్చు. కానీ మూడు పొరలకూ ఒకే సమయం పెట్టాను కాబట్టి, మూడు నీడలూ ఒకే క్షణంలో వచ్చి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఏడు మూళ్ళు ఇరవై ఒకటి. నేను పద్ధతి అనుకున్నదే తప్పు.

గుంట ఉంటే ఏమవుతుంది అని బృందంలో డాక్టరమ్మను అడిగాను. నానోసెకన్ల పల్స్ వెనకాలే తలకిందుల పల్స్ వస్తే, మొదటిది కణంపై చేసిన పనిని రెండోది చాలావరకు చెరిపేస్తుందని 2014లో నార్ఫోక్ నుంచే ఆండ్రీ పఖోమోవ్ బృందం చూపించిందని ఆవిడ చెప్పారు. పికోసెకన్లలో కూడా అలాగే జరుగుతుందని నేను అనడం లేదు. పైగా యాంటెన్నా నుంచి వచ్చే ఏ పల్స్‌కైనా ముందూ వెనకా ఎంతో కొంత తలకిందుల భాగం ఉండి తీరుతుంది. అయినా తప్పించగలిగే గుంటను తెలిసి తెలిసి ఎందుకు ఉంచుకోవాలి?

రెండో లెన్స్‌లో సమయాలను విడదీశాం. నష్టం తక్కువున్న బయటి పొరకు 220 పికోసెకన్లు, మధ్య పొరకు 150, లోపలి దానికి 100. మందాలు 38, 15, 6 మి.మీ. చొప్పున అయ్యాయి. లెన్స్ కొబ్బరి చిప్పంత నుంచి చిన్న కుండంత అయింది, బరువూ పెరిగింది. కానీ గుంట ఒకటి కాస్తా మూడు చిన్న అలలై విడిపోయింది.

ఈ లెన్స్‌తో నీటిలో చుక్క వెడల్పు 6 మి.మీ. లెన్స్ లేకుండా గాలిలో అది 4 సెం.మీ. క్షేత్రం పెరుగుదల 2.6 రెట్లు రావాల్సింది 1.9 వచ్చింది. తేడా ఎక్కడ పోయిందో వెతకాల్సిన పని లేదు. చివరి మూడున్నర సెంటీమీటర్ల నీరు పైపై ఫ్రీక్వెన్సీలను మింగి, 100 పికోసెకన్లలో లేవాల్సిన పల్స్‌ను 140కి సాగదీసింది. లేచే సమయం పెరిగినంత మేర శిఖరం తగ్గుతుంది, చుక్క పెరుగుతుంది. 2.6ను 1.4తో భాగించి చూసుకోండి. లెక్కా కొలతా ఇంత దగ్గరగా కలిసిన రోజు నా సర్వీసులో అరుదు. ఆ రోజు అందరికీ మిర్చి బజ్జీలు నా ఖర్చే.

కొవ్వు

నా భయమంతా చర్మానికీ లెన్స్‌కూ మధ్య గాలి సందు మీద ఉండేది. ఒక మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల సందులు కావాలని పెట్టి చూశాం. అనుకున్నంత చేటు చేయలేదు. నేరుగా వచ్చే 100 పికోసెకన్ల పల్స్‌కు మిల్లీమీటరు గాలి పెద్ద గోడ కాదు, పల్స్‌ను కొన్ని పికోసెకన్లు మందగింపజేస్తుంది, అంతే. సందులోకి నీళ్ళు పోస్తే అదీ పోతుంది. మైక్రోవేవ్ హైపర్‌థెర్మియా (మైక్రోవేవ్‌తో గడ్డలను వేడిచేసే చికిత్స) చేసేవాళ్ళు ఎప్పటి నుంచో నీళ్ళ సంచి ఆనించేది ఇందుకే.

తొట్టిలో అంతా సవ్యంగా ఉందని బృందానికి చెప్పాక, డాక్టరమ్మ ఒక్క మాట అడిగారు. "ఒళ్ళు అంటే నీళ్ళేనా అండీ? చర్మం కింద కొవ్వు ఉంటుంది కదా."

ఒక గిగాహెర్ట్జ్ దగ్గర కండ పర్మిటివిటీ 55, చర్మానిది 41, కొవ్వుది అయిదున్నర. పట్టిక నా గోడ మీదే ఉంది. రోజూ చూసే పట్టికే. కొవ్వును నేను "నష్టం తక్కువ, మంచిదే" అని దాటేసి వచ్చాను. నష్టం తక్కువన్నది నిజమే. కానీ 74 పర్మిటివిటీ ఉన్న వెచ్చటి నీటిలోంచి 5.5 ఉన్న కొవ్వులోకి వెళ్ళడమంటే, నీటి అడుగు నుంచి పైకి చూస్తున్న చేప పరిస్థితి. ఇంటర్‌లో చదువుకున్న సంపూర్ణాంతర పరావర్తనం ఇదే. సందిగ్ధ కోణం సుమారు 16 డిగ్రీలు. మా అద్దం నుంచి కిరణాలు అక్షానికి 53 డిగ్రీల దాకా వంపుతో వస్తున్నాయి. గోళపు పొరలు ఉన్నంతవరకు అందరూ నిట్టనిలువుగానే వచ్చారు. కొవ్వు పొర మాత్రం నా నాభి చుట్టూ గోళంలా లేదు, చదునుగా ఉంది. 16 డిగ్రీలు దాటిన ప్రతి కిరణానికీ అది అద్దమే. ఘనకోణం లెక్కలో చూస్తే లోపలికి రాగలిగేది పదో వంతు కూడా కాదు. అక్షం మీద నేరుగా వచ్చేవి కూడా సెంటీమీటరు కొవ్వు దాటేసరికి మూడింట రెండు వంతులు అవుతాయి. మిగతా భాగంలో కొంత 150 పికోసెకన్ల పైచిలుకు ఆలస్యంగా వస్తుంది.

లెక్కను నమ్మలేక మటన్ కొట్టుకు వెళ్ళాను. పొర కొవ్వు కిలో తెచ్చి, చట్రంలో సెంటీమీటరు మందాన పేర్చి, నీళ్ళ తొట్టిలో లెన్స్ ముఖానికి ఆనించాం. ఆ బిల్లు అకౌంట్స్‌లో పెడితే "ఇదేంటి సార్, పార్టీనా?" అన్నారు. కారణం రెండు పేజీలు రాసివ్వాల్సి వచ్చింది.

కొవ్వు పెట్టాక నాభి దగ్గర శిఖరం దాదాపు అయిదో వంతుకు పడింది. చుక్క 6 మి.మీ. నుంచి రెండు సెంటీమీటర్ల దగ్గరికి ఉబ్బింది. మూడు పొరలు పోసి, రాత్రంతా మోటారు తిప్పి సంపాదించినదంతా ఒక సెంటీమీటరు కొవ్వు దగ్గర పోయింది. అదే కొవ్వును 3 మి.మీ.కు తగ్గిస్తే కథ వేరు. అంత సన్నటి పొరను పెద్ద వంపుతో వచ్చిన కిరణాలు కూడా కొంతమేర దాటేస్తాయి. శిఖరంలో సగానికి పైగా నిలిచింది, చుక్క కూడా సెంటీమీటరు లోపే ఉంది.

ఇందులో లెన్స్ చేయగలిగింది ఏమైనా ఉందా? ఆలోచించాం. కిరణాలను 16 డిగ్రీల లోపలికే పరిమితం చేసే సన్నటి అద్దం పెట్టవచ్చు. కానీ అప్పుడు చుక్క ఎలాగూ పెద్దదే అవుతుంది. కొవ్వును దృష్టిలో పెట్టుకుని లోపలి పొరను వేరే వంపుతో చేయవచ్చు. అప్పుడు రోగి రోగికీ, చోటు చోటుకీ ఒక లెన్స్ పోయాలి. నార్ఫోక్ వాళ్ళు కూడా తర్వాతి కాలంలో పెద్ద అద్దం పక్కన పెట్టి, చర్మానికి నేరుగా ఆనే డైఎలక్ట్రిక్ (విద్యుత్ ప్రవహించని పదార్థపు) కడ్డీ యాంటెన్నాతో నాడీ కణజాలానికి పల్సులు అందించవచ్చా అని అధ్యయనం చేశారు. ఆ దారి ఎందుకు పట్టారో నేను అనను గానీ, మా తొట్టి ముందు నిలబడ్డాక నాకు అది ఆశ్చర్యంగా అనిపించలేదు.

ఇంకో సంగతి దాచను. మా పల్సర్ కొన్ని కిలోవోల్టులది. ఫోకస్ ఎలా పడుతుందో చూడడానికి అది చాలు. 2006 ఎలుకల ప్రయోగంలోని సెంటీమీటరుకు 20 కిలోవోల్టుల క్షేత్రం దరిదాపుల్లోకి కూడా మేం పోలేదు. అక్కడికి వెళ్ళాలంటే పల్సర్‌ను వంద కిలోవోల్టులు దాటించాలి. అప్పుడు మొదటి నాభి దగ్గరే గాలి మెరుపై పగలకుండా నూనెలోనో, ఒత్తిడి పెట్టిన వాయువులోనో ఉంచాలి. అది వేరే కేసు.

బృందానికి చివరికి ఇచ్చిన కాగితంలో లెన్స్ సామర్థ్యాన్ని ఒక అంకెగా రాయలేదు. కొవ్వు మందం ఒక పక్క, శిఖరం, చుక్క వెడల్పు ఇంకో పక్క పెట్టి పట్టిక గీశాం. డాక్టరమ్మ చూసి, "అయితే సన్నగా ఉన్నవాళ్ళకే అన్నమాట," అన్నారు.

"మనిషి కాదండీ, చోటు," అన్నాను. "మోకాలి కింద ఎముక మీద, చేతి వెనక, నుదుటి మీద కొవ్వు ఎవరికైనా తక్కువే కదా."

"నుదుటి కింద ఎముక ఉంది. దాని పర్మిటివిటీ ఎంత?"

పన్నెండు. ఆవిడ పెన్సిల్‌తో నుదుటిని కొట్టేశారు. అల్ట్రాసౌండ్‌తో కొవ్వు కొలిచి, 3 మి.మీ. దాటని చోట్లకు, రెండు సెంటీమీటర్లకు బదులు ఒక సెంటీమీటరు లోతుకు లక్ష్యం మార్చుకుని మళ్ళీ వస్తామన్నారు. ఒక సెంటీమీటరు లోతంటే లెన్స్ ముఖాన్ని ఇంకో సెంటీమీటరు ముందుకు జరిపి కోయాలి. పెద్దాయన అచ్చును అప్పుడే మోటారు మీద బిగిస్తున్నారు.